42 సెకన్ల లెక్క: మా నెల్లూరు సర్వర్లో మేజ్‌ల గొడవ

ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి కావలి టీచరమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "తమ్ముడూ, రేపట్నుంచి నేను ఆటకి రాను. ఏమనుకోవద్దు. ఆ రెండు గంటలు పిల్లల పేపర్లు దిద్దుకుంటా."

ఆవిడ లెక్కల టీచరు. నేను నడిపేది ఆన్‌లైన్లో కలిసి ఆడే కంప్యూటర్ ఆట సర్వర్. అందులో క్రమం తప్పకుండా క్లెరిక్ ఆడేది ఆవిడ ఒక్కరే. దెబ్బలు తిన్నవాళ్లకి వైద్యం చేసే వేషం అది. క్లెరిక్ లేకుండా గుంపు లోపలి గుహల్లోకి పోలేదు, పోయినా తిరిగి రాదు. ఇంకో పక్క కత్తి పట్టి కొట్లాడే ఫైటర్ వేషం వాళ్లు అప్పటికే వారం నుంచి గోల చేస్తున్నారు. "అన్నా, మేజ్ ఉంటే ఇంక మేమెందుకు? మూటలు మోయడానికా?" మేజ్ అంటే మంత్రాలతో కొట్టే వేషం.

ఈ రెండు ఫిర్యాదులకీ మూలం నేను వెతికిన చోట లేదు. అది తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఏం మార్చానో, ఏది బెడిసికొట్టిందో రాస్తున్నాను. నలభై యాభై మందితో చిన్న సర్వర్ నడుపుకునేవాళ్లకి పనికొస్తుందని.

ముందు ఆట సంగతి

మాది నెవర్‌వింటర్ నైట్స్. బయోవేర్ వాళ్లు 2002లో తెచ్చిన ఆట. 2018లో బీమ్‌డాగ్ దానికి మెరుగులు దిద్ది ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌గా విడుదల చేసింది. దీంతోపాటు వచ్చే టూల్‌సెట్‌తో ఎవరైనా సొంత ప్రపంచం కట్టుకోవచ్చు, సర్వర్ పెట్టి పదిమందినీ పిలవచ్చు. అందుకే ఇన్నేళ్లయినా దీన్ని పట్టుకుని వేలాడేవాళ్లు ఉన్నారు. లోపలి నియమాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌వి. పోరాటం ఆరు సెకన్ల రౌండ్లుగా సాగుతుంది. ప్రతి దెబ్బకీ ఇరవై ముఖాల పాచిక పడుతుంది. ఆట పాతది కాబట్టి తెలుగు లిపి రాదు. మా చాట్ అంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

నేను ఒకప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఇప్పుడు సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ పనులు చేస్తాను. సర్వర్ మొదట మా ఇంట్లో పాత కంప్యూటర్ మీదే ఉండేది. కరెంటు పోతే ప్రపంచమే ఆగిపోయేది. తర్వాత అద్దె సర్వర్‌కి మార్చాను. అందులో కోటని ఉదయగిరి కొండను చూసి గీశాను, నదిని పెన్నను చూసి గీశాను. అయితే మా నదిలో ఏడాది పొడుగునా నీళ్లుంటాయి.

ఆడేవాళ్లు నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల వాళ్లు. ఉద్యోగాలకని హైదరాబాదు, బెంగళూరు పోయినవాళ్లు కొందరు. అందరికీ లెవెల్ 10 పరిమితి పెట్టాను. ఏప్రిల్‌లో లెక్క తీస్తే మనుగడలో ఉన్న వేషాలు 38. మేజ్, సార్సరర్ (అదీ మంత్రాల వేషమే) కలిపి 15. రోగ్ 9, ఫైటర్ 5, రేంజర్ 4, బార్బేరియన్ 2, డ్రూయిడ్ 2, క్లెరిక్ 1. ఆటలో మొదట్నుంచీ ఉన్న 11 క్లాసుల్లో, అంటే వేషం రకాల్లో, బార్డ్, మాంక్, పాలడిన్ మా దగ్గర సున్నా.

చూడగానే ఎవరైనా ఏమంటారు? మేజ్ బలం ఎక్కువైంది, తగ్గించు అంటారు. నేనూ అదే అన్నాను.

బెడిసికొట్టిన మొదటి మందు

అందరూ వేలెత్తి చూపించింది మిసైల్ స్టార్మ్ మంత్రాన్ని. నాలుగో స్థాయి మంత్రాల్లో చిన్న రకం స్టార్మ్ అది. లెవెల్‌కి ఒకటి చొప్పున పది దాకా బాణాల్లాంటివి లేస్తాయి, ఒక్కోదానికి ఒక ఆరు ముఖాల పాచిక. గురి తప్పడం లేదు, పక్కకి తప్పుకుని సగం దెబ్బతో బయటపడటం లేదు. ఎదురుగా ఒకే శత్రువు ఉంటే పదీ వాడి మీదే పడతాయి.

ఈ ఆటలో మంత్రాలన్నీ స్క్రిప్టులే, అంటే చిన్న ప్రోగ్రాములే, మనది రాసి పెట్టుకోవచ్చు. ఆరు ముఖాల పాచిక తీసేసి నాలుగు ముఖాలది పెట్టాను. సగటున 35 పడే దెబ్బ 25 అయింది. మే మొదటి ఆదివారం ఎవరికీ ముందు చెప్పకుండా సర్వర్లో ఎక్కించేశాను. చెప్పకపోవడం ఇంకో తప్పు.

సాయంత్రానికి గ్రూపులో మంట. "పెళ్లి భోజనంలో గారె సైజు తగ్గించినట్టుంది అన్నా, లెక్కకి వడ్డించారు గానీ మనసుకి తెలిసిపోయింది" అన్నాడు ఒంగోలు మేజ్ ఒకడు. ఇద్దరు వెళ్లిపోయారు. మిగతా మేజ్‌లు ఏం చేశారంటే, అదే మంత్రాన్ని ఇంకోసారి వేశారు, అంతే. ఫైటర్ల సంఖ్య ఐదే. టీచరమ్మ రాలేదు.

రెండు వారాల తర్వాత పాత పాచికే పెట్టేసి, గ్రూపులో అందరికీ క్షమాపణ చెప్పి కూర్చున్నాను.

లాగ్ ముందు ఒక ఆదివారం

సర్వర్ లాగ్‌లో అన్నీ పడతాయి. నేనే ఎన్నడూ తీరిగ్గా చూడలేదు. ఆ ఆదివారం, టీచరమ్మ మానేయకముందటి ఒక శనివారం రాత్రి లాగ్‌ని ముందేసుకుని, కాగితం మీద గీతలు గీసుకుంటూ చదివాను. ఐదుగురి గుంపు, తొమ్మిది నుంచి పదకొండు దాకా.

ముందు ఫైటర్ లెక్క. మా సర్వర్లో మామూలుగా కనిపించే లెవెల్ 10 ఫైటర్‌ని తీసుకున్నాను. బలం 18, చేతిలో గ్రేట్‌సోర్డ్, దాని మీద ఫోకస్, స్పెషలైజేషన్ అనే నైపుణ్యాలు. రౌండుకి రెండు దెబ్బలు. మొదటిదానికి పాచిక మీద 15 కలుస్తుంది, రెండోదానికి 10. ఎదుటివాడి రక్షణ 20 అనుకుంటే మొదటి దెబ్బ నూటికి 80 సార్లు తగులుతుంది, రెండోది 55 సార్లు. తగిలితే సగటున 15. అంటే రౌండుకి సుమారు 20.

ఇప్పుడు మేజ్. అదే లెవెల్, తెలివి 18. నాలుగో స్థాయి మంత్రాలు మూడు, తెలివి పుణ్యాన ఇంకొకటి, మొత్తం నాలుగు. మళ్లీ రెస్ట్ (విశ్రాంతి) తీసుకునేదాకా అంతే. నాలుగూ మిసైల్ స్టార్మ్ పెట్టుకున్నాడనుకుందాం. రౌండుకి 35 చొప్పున నాలుగు రౌండ్లలో 140. ఆ నాలుగు రౌండ్లలో ఫైటర్ కొట్టేది 80 పైచిలుకు. ఫైటర్‌కి ఏడుపు రావడం న్యాయమే.

కానీ ఐదో రౌండు నుంచి ఆ మేజ్ చేతిలో స్టార్మ్ లేదు. ఫైటర్ మాత్రం అలా కొడుతూనే ఉంటాడు. ఏడో రౌండుకి అతనూ 140 దాటతాడు. ఏడు రౌండ్లంటే 42 సెకన్లు. మేజ్ దగ్గర వేరే స్థాయి మంత్రాలుంటాయి, నిజమే. ఫైర్‌బాల్ ఉంటుంది, ఇంకోటి ఉంటుంది. అవి కలిపితే గీత కాస్త జరుగుతుంది గానీ గీత ఉండటం మాత్రం ఉంటుంది. రెండు రెస్టుల మధ్య పోరాటం ఆ గీత దాటితే ఫైటర్ మొనగాడు, దాటకపోతే మేజ్ మొనగాడు.

మా లాగ్‌లో అన్నిటికంటే పొడుగు పోరు ఐదు రౌండ్లు. 30 సెకన్లు! ఆ రెండు గంటల్లో గుంపు రెస్ట్ తీసుకున్నది 31 సార్లు. సగటున నాలుగు నిమిషాలకోసారి. ఈ ఆటలో రెస్ట్ బటన్ నొక్కితే కొన్ని సెకన్లలో దెబ్బలు మానిపోతాయి, మంత్రాలన్నీ తిరిగి నిండిపోతాయి. దగ్గర్లో శత్రువు ఉండకూడదన్నది ఒక్కటే షరతు. గది ఖాళీ చేయడం, కూర్చోవడం, లేవడం, తర్వాతి గది. సత్రంలో భోజనానికి బంతి మీద బంతి లేచినట్టు.

అందులోనే ఇంకోటి కనిపించింది. నాలుగు నిమిషాలకోసారి దెబ్బలు వాటంతటవే మానిపోతుంటే మధ్యలో క్లెరిక్ ఎందుకు? ఆ శనివారం టీచరమ్మ కూడా గుంపులో ఉన్నారు. రెండు గంటల్లో ఆవిడ వేసిన వైద్యం మంత్రాలు ఆరు.

మంత్రాన్ని నేను అనవసరంగా కోశాను. తప్పు గడియారంలో ఉంది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. ఈ తరహా ఆటలన్నిటికీ మూలమైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చినప్పుడు మూడే క్లాసులు: యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. అప్పట్నుంచీ మాంత్రికుడికి పగ్గం ఒకటే, రోజుకి ఇన్ని మంత్రాలు అని. రోజు ఎంత పొడుగో మనం చెప్పకుండా వదిలేస్తే ఆ పగ్గం తెగినట్టే. కాగితం మీద ఆడేటప్పుడు "ఇంకా పొద్దుగూకలేదు, పడుకోవడానికి వీల్లేదు" అని చెప్పే మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు. సర్వర్లో ఆ మనిషి ఉండడు, స్క్రిప్టు ఉంటుంది. నేను అది రాయలేదు.

మంట దగ్గరే రెస్ట్

జూన్‌లో మార్చాను. ఈసారి పది రోజుల ముందే గ్రూపులో చెప్పి, పైన రాసిన లెక్క మొత్తం పెట్టాను. ప్రపంచం మొత్తం మీద తొమ్మిది చోట్ల చలిమంటలు పెట్టి, రెస్ట్ అక్కడే అన్నాను. ఒకసారి తీసుకుంటే మళ్లీ నిజం గడియారంలో ఇరవై నిమిషాలు ఆగాలి.

మొదటి వారం మేజ్‌లు "మాకు ఉపవాసం పెట్టారు" అన్నారు. రెండో వారానికి అలవాటు పడ్డారు. నాలుగు స్టార్మ్‌లూ మొదటి గదిలోనే వేసేవాడు కాస్తా, రెండు దాచుకుని క్రాస్‌బో తీయడం మొదలెట్టాడు. మేజ్ చేత క్రాస్‌బో పట్టించడం నాకు ఆ ఏడాది చాలా తృప్తినిచ్చిన విషయం, దాచుకోను.

నేను అనుకోనిది ఇంకోటి జరిగింది. ఇరవై నిమిషాల గడువు నిండకముందే మంట దగ్గరికి చేరినవాళ్లు ఏం చేయాలి? కూర్చున్నారు. కూర్చుని మాట్లాడుకున్నారు, వేషంలోనే. ఒక బార్బేరియన్ తన ఊరిని ఓగర్లు (రాక్షసుల్లాంటివాళ్లు) ఎలా తగలబెట్టారో మూడు రాత్రులు సీరియల్‌లా చెప్పాడు. ఆ మనిషి బయట ఒక బ్యాంకులో క్యాషియరు, రెండు ముక్కలు మాట్లాడితే ఎక్కువ. రోల్‌ప్లే చేయండి, రోల్‌ప్లే చేయండి అని రెండేళ్లు మొత్తుకున్నా రానిది, పని లేకుండా కూర్చోబెడితే వచ్చింది.

ఇక అంతా బాగుందనుకునే సమయానికి అర్ధరాత్రి బ్యాచ్ నుంచి ఫోన్ వచ్చింది.

గుంట కాడ కుర్రాడు

విడవలూరు వైపు కుర్రాడు. డిగ్రీ అయిపోయింది. నాన్న రొయ్యల గుంటలు లీజుకి చేస్తాడు, రాత్రి కాపలా ఇతనిది. షెడ్డులో ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్. ఆటలో రోగ్ వేషం, నీడల్లో నక్కి తిరుగుతాడు.

ఇతని మీద నా దగ్గర పాత ఫిర్యాదుల కట్టే ఉంది. పోరాటం మధ్యలో మాయమవుతాడని, గుంపుని చావుకి వదిలేసి పోతాడని. "జంప్" అని పేరు కూడా పెట్టారు. నేను రెండుసార్లు హెచ్చరించాను. మూడోసారి వారం పాటు బ్యాన్ చేద్దామనుకున్నాను కూడా.

ఫోన్లో అతను అడిగింది రెస్ట్ గురించి. "అన్నా, ఇరవై నిమిషాలు ఆగమంటే నేను ఆగలేనన్నా. నాకు ఒక విడతకి దొరికేదే అరగంట."

"మధ్యలో యాడికి పోతావబ్బా నువ్వు?" అన్నాను.

చెప్పాడు. పగలు గుంటలో నాచు, ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది, పీల్చుకోవడం మాత్రం అన్నీ పీల్చుకుంటాయి. అందుకని నీళ్లలో ఆక్సిజన్, వాళ్లు డీఓ అంటారు, తెల్లారే ముందు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే నిమిషాల మీద జనరేటర్ లేపాలి. లేకపోతే రొయ్యలు పైకి తేలతాయి, తేలాయంటే కథ ముగిసినట్టే. "ఓగర్ గుహలో నేను చచ్చిపోతే మళ్లీ పుడతానన్నా, గుంటలో పంట పుట్టదు."

లాగ్ తీసి చూశాను. అతను హఠాత్తుగా మాయమైన రోజుల్లో ఎక్కువ భాగం మూడుకీ ఐదుకీ మధ్యే.

ఆ తర్వాత నేను చేసిన పని చాలా మామూలుది. మా తొమ్మిది మంది రోగ్‌లకీ విడివిడిగా ఫోన్ చేసి, ఈ క్లాస్ ఎందుకు తీసుకున్నారని అడిగాను. దొంగ వేషం సరదా అన్నవాళ్లు ముగ్గురు. మిగతా ఆరుగురిలో ఇద్దరు గుంటల కాపలా, ఒకరు నైట్ డ్యూటీ నర్సు, ఒకావిడ ఎనిమిది నెలల బిడ్డ తల్లి, ఒకరు తెల్లవారుజామున పాల వ్యాను తోలేవాడు, ఒకరు మందుల షాపు. ఏ నిమిషంలో లేవాల్సి వస్తుందో తెలియనివాళ్లు. రోగ్ అయితే ఒంటరిగా తిరగొచ్చు, లేవాల్సి వస్తే నీడలోకి పోయి కూర్చోవచ్చు. ఎవరికీ అడ్డం కాదు, ఎవరి చేతా తిట్లు తినక్కర్లేదు.

విడవలూరు అబ్బాయి చివర్లో అన్నమాట: "నాకు క్లెరిక్ అంటేనే ఇష్టమన్నా. కానీ వైద్యం చేసేవాడు మధ్యలో లేచిపోతే ఎన్ని శాపనార్థాలు తగులుతాయో తెలుసు గదా."

అంతకుముందు నేను ఆటగాళ్లని రిచర్డ్ బార్టిల్ చెప్పిన నాలుగు రకాలుగా విడగొట్టి చూసేవాణ్ణి. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టిన, అక్షరాలతోనే నడుస్తూ పలువురు కలిసి ఆడే మొదటి మడ్‌ని రాసిన ఇద్దరిలో బార్టిల్ ఒకరు. 1996లో రాసిన వ్యాసంలో ఆయన ఆటగాళ్లని సాధించేవాళ్లు, వెతుక్కుంటూ తిరిగేవాళ్లు, నలుగురితో కలవడానికి వచ్చేవాళ్లు, పక్కవాణ్ణి ఏడిపించేవాళ్లు అని విడగొట్టారు. మంచి విభజనే, ఇప్పటికీ వాడతాను. కానీ మా రోగ్‌ల విషయంలో అది నన్ను పక్కదారి పట్టించింది. ఒంటరిగా తిరుగుతున్నారు కాబట్టి వీళ్లు వెతుక్కునే రకం అనుకుని, వాళ్లకోసమని రహస్య గదులు కట్టాను. ఒక్కరూ తొంగిచూడలేదు. వాళ్లకి కావాల్సింది లేచిపోవడానికి ఒక మర్యాదైన దారి.

రొట్టెలు

జూలైలో ఆ దారి కట్టాను. చాట్‌లో "పని" అని కొడితే చాలు. ఒక రౌండు, అంటే ఆరు సెకన్ల తర్వాత, ఆ వేషం దగ్గర్లోని మంట కాడికి చేరి కూర్చుంటుంది. రెస్ట్ గడువు కూడా అక్కడే ఆగి, తిరిగొచ్చాక మిగిలినచోట నుంచి సాగుతుంది. క్లెరిక్‌కి ఇంకో ఏర్పాటు: ఇంకా వాడకుండా మిగిలిన వైద్యం మంత్రాలు ఎన్నున్నాయో అన్ని మందు సీసాలై, గుంపులో ఉన్నవాళ్ల సంచుల్లోకి చేరతాయి. క్లెరిక్ లేచిపోయినా వైద్యం అక్కడే ఉంటుంది.

ఆ సీసాలకి మావాళ్లు "ఆరోగ్య రొట్టె" అని పేరు పెట్టేశారు. నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు, తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇలా. పేరు బాగుందని ఐటమ్ పేరు కూడా అలాగే మార్చాను.

వారం తిరక్కుండానే ఒంగోలు ఇంజనీరింగ్ కుర్రాడొకడు దాని గుట్టు పట్టుకున్నాడు. మంట దగ్గర రెస్ట్ తీసుకోవడం, "పని" కొట్టడం, సీసాలు తమ్ముడి వేషానికి పోవడం, ఆట మూసి మళ్లీ తెరవడం. నా స్క్రిప్టు రెస్ట్ గడువుని వేషంలో కాకుండా సర్వర్ జ్ఞాపకంలో పెట్టింది, బయటికి పోయి వస్తే సున్నా అవుతోంది. ఒక్క రాత్రిలో డెబ్బైకి పైగా సీసాలు చేశాడు. చేసి ఊరుకోక సంతలో అమ్మకానికి పెట్టాడు, దాంతోనే దొరికాడు.

బ్యాన్ చేయమని నలుగురు పట్టుబట్టారు. చేయలేదు. కన్నం పెట్టింది నేను, దూరింది వాడు. ఇప్పుడు ఏ కొత్త స్క్రిప్టు ఎక్కించే ముందైనా వాడికిస్తాను, "దీన్ని పాడుచేసి చూపించు" అని. ఇప్పటిదాకా మూడింటిని పాడుచేశాడు. రొట్టెలు మాత్రం ఇప్పుడు పది నిమిషాల్లో పాచిపోతాయి, రెస్ట్‌కి ఒకసారే వస్తాయి.

టీచరమ్మ అసలు బాధ

ఆగస్టులో కెమెరాల పని మీద కావలి పోయినప్పుడు టీచరమ్మ గారింటికి వెళ్లాను. రెస్ట్ మారింది, క్లెరిక్‌కి గిరాకీ పెరిగింది, రండి మేడమ్ అన్నాను. కాఫీ ఇచ్చి, "ఎక్స్‌పీ సంగతి ఏం చేశావు?" అన్నారు.

ఎక్స్‌పీ అంటే శత్రువుని చంపితే వచ్చే అనుభవం పాయింట్లు, లెవెల్ పెరిగేది వాటితోనే. నిజం చెప్పాలంటే ఏమీ చేయలేదు. మా సర్వర్లో ఎక్స్‌పీ పంచే స్క్రిప్టు నేను మొదట్లో హడావుడిగా రాసింది. చివరి దెబ్బ కొట్టినవాడికి సగం, మిగతా సగం గుంపుకి. చివరి దెబ్బ ఎప్పుడూ క్లెరిక్‌ది కాదు. ఆవిడ లెవెల్ 10 చేరడానికి మేజ్‌లకంటే రెట్టింపు రోజులు పట్టింది.

"సమానంగా పంచేస్తాను మేడమ్."

"పంచు. అయితే నేను మానేసింది దానికి కాదు." ల్యాప్‌టాప్ తెరిచి పాత పోరు ఒకటి చూపించారు. తెర కింద వరసగా దెబ్బల లెక్కలు, ఎవరు ఎవర్ని ఎంత కొట్టారో. "ఇదిగో, ఫైటర్ కొట్టింది ఊరంతా చూస్తుంది. నేను మాన్పిన దెబ్బ ఎవరి కంటా పడదు. పోరాటం నడుస్తున్నంతసేపూ హీల్ హీల్ అని అరుపులు. అయిపోగానే అందరూ పెట్టె దగ్గరికి పరుగు. క్లాసులో కూడా ఇదే తంతు తమ్ముడూ. ఫస్టొచ్చినవాడి పేరు బోర్డు మీద రాస్తారు. ఫెయిలవ్వాల్సిన పదిమందిని లాక్కొచ్చి పాస్ చేయిస్తే దానికి బోర్డు లేదు."

ఇంటికొచ్చి ఆ రాత్రే రాశాను. పోరు ముగిసి పది సెకన్లు శత్రువు కనపడకపోతే అందరి తెర మీదా రెండు వరసలు పడతాయి: ఎవరు ఎంత కొట్టారు, ఎవరు ఎంత మాన్పారు. ఎక్స్‌పీ ఆ చోట ఉన్న అందరికీ సమానం.

మొదటి వారం మళ్లీ వింత. సంఖ్య పెంచుకోవడం కోసం గీరుకున్నవాడికి కూడా పెద్ద వైద్యం మంత్రాలు పోశారు కొత్త క్లెరిక్‌లు. 5 పాయింట్ల దెబ్బకి 40 పాయింట్ల మందు! నిజంగా మానిన పాయింట్లే లెక్కలోకి వచ్చేలా మార్చాక అది సద్దుమణిగింది.

టీచరమ్మ తిరిగొచ్చిన రాత్రి తెర మీద పడింది: మాన్పిన దెబ్బలు, 118. విడవలూరు అబ్బాయి "మేడమ్ ఫస్ట్ ర్యాంక్" అని కొట్టాడు. ఆవిడ ఏమీ అనలేదు, ఒక చిరునవ్వు గుర్తు పెట్టారు.

జేబు కొట్టిన కేసు

ఇది బ్యాలెన్స్ కిందికి రాదు, కానీ దీనికి పట్టినంత టైము దేనికీ పట్టలేదు కాబట్టి రాస్తున్నా. ఈ ఆటలో రోగ్‌కి జేబు కొట్టే నైపుణ్యం ఉంది, తోటి ఆటగాడి సంచిలో కూడా చెయ్యి పెట్టొచ్చు. కందుకూరు కుర్రాడు ఒకడు నెల రోజులు తిరిగి సంపాదించిన ఉంగరాన్ని ఇంకొకడు కొట్టేశాడు. నియమాల ప్రకారం తప్పులేదు, దొంగ వేషం దొంగతనం చేసింది. కానీ గొడవ వాట్సాప్‌లోకి పాకింది, అక్కణ్ణుంచి "మీ ఇంట్లో పెంపకమే అంత" అనేదాకా పోయింది. కొట్టేసినవాడు మా పిన్ని కొడుకు. నేను "ఆట ఆటే కదా" అని తేల్చేశాను. ఎవరి పక్షమో అందరికీ అర్థమైంది.

తిరునాళ్ల నాటకంలో దుర్యోధనుడు సభలో ఎన్ని మాటలన్నా, తెల్లారి ధర్మరాజుతో కలిసి టీ తాగుతాడు. ఎందుకంటే ఆ మాటలు పడతాయని ఇద్దరికీ ముందే తెలుసు. మా ఉంగరం పోగొట్టుకున్నవాడికి ఆ నాటకంలో తన వేషం ఏమిటో ఎవరూ చెప్పలేదు. అందుకని నియమం మార్చాను. ఆటగాడి దగ్గర దొంగతనం చేయాలంటే "నా దగ్గర దొంగతనం జరగొచ్చు" అని అతను ముందే ఒప్పుకుని ఉండాలి. కష్టపడి సంపాదించిన వస్తువుల జోలికి మాత్రం ఎవరూ పోకూడదు. ఉంగరం తిరిగి ఇప్పించాను. మా పిన్ని కొడుకు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఒప్పుకున్నవాళ్లు ఆరుగురున్నారు, వాళ్లలో వాళ్లే ఒకరినొకరు దోచుకుంటూ హాయిగా ఉన్నారు.

ఇప్పుడు

నవంబరులో మళ్లీ లెక్క తీశాను. వేషాలు 41. మేజ్, సార్సరర్ 11, ఫైటర్ 9, రోగ్ 7, క్లెరిక్ 5, రేంజర్ 4, బార్బేరియన్ 3, డ్రూయిడ్ 2. మిసైల్ స్టార్మ్ పాచిక ఆరు ముఖాలదే, దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. క్లెరిక్‌లు ఐదుగురిలో ఇద్దరు పాత రోగ్‌లే, అందులో ఒకడు విడవలూరు అబ్బాయి. బార్డ్ ఇంకా సున్నా. పాటగాడి వేషం మనవాళ్లకి ఎందుకు ఎక్కదో నాకు అంతుపట్టలేదు, చాట్‌లో పద్యాలు మాత్రం పాడతారు. మేలో వెళ్లిపోయిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు.

ఇప్పుడు అందరూ లెవెల్ పరిమితి 12కి పెంచమంటున్నారు. పెంచితే మేజ్ చేతికి ఆరో స్థాయి మంత్రాలు వస్తాయి, వాటిలో మిసైల్ స్టార్మ్ పెద్ద రకం ఉంది. పన్నెండు బాణాలు, ఒక్కోదానికి రెండు పాచికలు, సగటున 84. అవి రెండు, పాత స్టార్మ్‌లు నాలుగు, వెరసి 308. ఫైటర్‌కి మూడో దెబ్బ వచ్చి రౌండుకి 29 దాకా పోతుంది. అంటే అతను మేజ్‌ని అందుకోవడానికి పదిన్నర రౌండ్లు, 63 సెకన్లు పడుతుంది. మా పోరాటాలు ఇప్పుడు యాభై సెకన్ల దగ్గర ఆడుతున్నాయి. ఈ లెక్క గ్రూపులో పెట్టాను. రెస్ట్ గడువు అరగంట చేస్తే సరిపోతుందని మేజ్‌లే ముందు అన్నారు. గుంటల బ్యాచ్ ఒప్పుకోలేదు. టీచరమ్మ గడువు జోలికి పోకుండా గుహల్లో ఓగర్ల రక్తం, అంటే వాళ్లు తట్టుకునే దెబ్బల లెక్క, పెంచి చూడమన్నారు. సంక్రాంతి సెలవుల్లో ఒక గుహలో అలా పెట్టి, ఒంగోలు కుర్రాడికి అప్పజెప్తున్నాను.